నాలుగు ఉత్తరాల్లో ఒకే చెయ్యి

కాబూల్, మీజాన్ 9, మంగళవారం

నీలాబ్‌ను ఇవాళ వాళ్ళ పెదనాన్న వచ్చి తీసుకెళ్ళాడు. ఘోర్‌బంద్‌లో యాపిల్ కోతలట, ఇంట్లో మనిషి సాయం కావాలట. వసంతానికి మళ్ళీ తెచ్చి దింపుతానన్నాడు. పెద్దమనిషిలాగే ఉన్నాడు. తెల్లటి రుమాల్లో నుఖుల్ కట్టి తెచ్చాడు. చక్కెర పూసిన బాదంపప్పులు పిల్లలందరికీ తలా రెండు పంచాడు. నాకూ పెట్టాడు. తిన్నాను.

డైరెక్టరు సాహెబు రిజిస్టరు ముందుకు తోసి, "సొంత పెదనాన్న. తండ్రి తరువాత తండ్రి. మనం నడిపేది అనాథాశ్రమం సాబిరా జాన్, జైలు కాదు" అన్నారు. పెదనాన్న వేలిముద్ర వేశాడు.

నీలాబ్ ఏడవలేదు. గేటు దగ్గర మాత్రం వెనక్కి తిరిగి, "ఖాలా, బీబీ దగ్గర్నుంచి గ్లౌజులొస్తే దాచిపెట్టు" అంది. దాచకుండా ఎక్కడికి పోతాను? పన్నెండో ఏడు నడుస్తోంది దానికి. నాలుగేళ్ళుగా నా గదిని ఆనుకుని ఉన్న హాల్లోనే పడుకుంది.

మీజాన్ 11

పిల్ల వెళ్ళిపోతే ఆకుపచ్చ చీటీ రాయాలి. చిన్నపిల్లల ఉత్తరాలన్నీ నా చేతి మీదుగానే పోతాయి కాబట్టి అది రాయాల్సిందీ నేనే. చీటీ దాతల ఆఫీసుకు చేరితే, వాళ్ళు హాంబర్గులో ఉండే నీలాబ్ దాత బీబీ అకీలాకు చెప్పి, దాత లేని మరో పిల్లను ఆమెకు అప్పగిస్తారు. కొత్త పిల్లలకు ఇప్పుడు ఉత్తరాలు లేవు. ఆరు నెలలకోసారి ఒక ఫోటో, కింద కంప్యూటరు కొట్టిన రెండు ముక్కలు: పిల్ల ఆరోగ్యంగా ఉంది, మీకు కృతజ్ఞతలు.

వసంతానికి వచ్చేస్తుందిగా. ఆ నాలుగు రోజుల కోసం చీటీ ఎందుకు?

రాయలేదు.

మీజాన్ 19

రేపు ఉత్తరాల సంచీ వెళుతుంది. నీలాబ్ పేరున రాసేశాను. అదేం కొత్త కాదు. దాని రాత కోడి గెలికినట్టు ఉంటుంది, నాది అచ్చుగుద్దినట్టు ఉంటుంది. మొదట్లో అది చెబితే నేను రాసేదాన్ని. ఏడాది తిరిగేసరికి, "నువ్వే రాయి ఖాలా, బీబీ సంగతులు నీకే బాగా తెలుసు" అని ఆడుకోవడానికి పారిపోయేది. ఉత్తరంలో అచ్చంగా దానిదంటూ ఉన్నది ఒక్క చెయ్యే.

చెయ్యి కావాలన్నది బీబీ అకీలా. రెండేళ్ళ కిందట రాసింది: "ఒసే పిల్లా, ప్రతి ఉత్తరంలో నీ చెయ్యి కాగితం మీద పెట్టి చుట్టూ గీసి పంపు. నువ్వెంత ఎదిగావో నాకు తెలియాలి. గ్లౌజులు అల్లడానికి కొలత కావాలి. ఫోటోలో పిల్లలందరూ ఒకేలా నవ్వుతారు, చెయ్యి అబద్ధం చెప్పదు."

పెదనాన్న రావడానికి ముందు వారమే నీలాబ్ ఈ నెల చెయ్యి గీసి ఇచ్చింది. దాన్ని దాచుకున్నాను. కిటికీ అద్దానికి ఆనించి, పైన కొత్త కాగితం పెట్టి, గీత మీద గీత వేశాను. మంచి ఎండ ఉంది, స్పష్టంగా కనబడింది.

మీజాన్ 27

కొత్త పిల్ల వచ్చింది. పేరు బస్‌గుల్. నాలుగో ఆడపిల్ల పుట్టాక ఇక చాలు దేవుడా అని పెట్టే పేరు. ఆరేళ్ళుంటాయి. తండ్రి పోయాడు. తల్లిని రెండో పెళ్ళి చేసుకున్నవాడు, పరాయివాడి విత్తు నా కప్పు కింద వద్దన్నాడట. మేనమామ తెచ్చి గేటు దగ్గర దింపి, టీ కూడా తాగకుండా పోయాడు.

నా వేలు కొరికింది.

అక్రబ్ 8

బీబీ ఉత్తరం వచ్చింది! ఐదు పేజీలు.

"ఇక్కడ పదకొండు అంతస్తుల బిల్డింగులో నాతో మాట్లాడేది లిఫ్టు ఒక్కటే. అది కూడా అంతస్తు నంబరు చెప్పి నోరు మూసుకుంటుంది" అని రాసింది. షోర్ బజారులో గాలిపటాల దారానికి గాజుపొడి పట్టించే ముసలాయన కొట్టు ఇంకా ఉందా అని అడిగింది. చివర్లో, "మీ సాబిరా ఖాలా రేడియో సంగతి చదివి ఆ పూట అన్నం తినలేకపోయాను" అంది.

ఆ సంగతి నీలాబ్ పేరుతో నేనే రాశాను. రాకెట్లు పడుతున్న ఏడాది, రేడియో బాగు చేయించుకు రమ్మని నా భర్తను నేనే బజారుకు పంపాను. ఆయనా రాలేదు, రేడియోనూ రాలేదు. ఇరవై ఏళ్ళలో ఈ సంగతి నేను ఒక్కరికీ చెప్పుకోలేదు. మజార్‌లో ఉన్న మా తమ్ముడికి తెలుసు కానీ వాడు ఆ మాట ఎత్తడు. బీబీకి పదకొండేళ్ళ పిల్ల నోటితో చెప్పాను.

ఉత్తరం నాలుగుసార్లు చదివాను. బస్‌గుల్ పక్క తడిపింది, ఆ దుప్పటి ఉతకడానికి వెళ్ళే ముందు ఇంకోసారి.

అక్రబ్ 20

ఉత్తరం, చెయ్యి. పంపాను.

ఖౌస్ 4

గ్లౌజులు వచ్చాయి. దానిమ్మ రంగు ఊలు, మణికట్టు దగ్గర తెల్లటి పట్టీ. నీలాబ్ కొలతకే. పెట్టెలో పెట్టాను.

వంట చేసే మేవాగుల్ చూసింది. "ఆ కొరికే పిల్లకు ఇవ్వరాదూ? చేతులు పగిలి నెత్తురు కారుతున్నాయి" అంది.

"అవి నీలాబ్‌వి. వసంతానికి వస్తే ఏమని చెప్పను?"

మేవాగుల్ నావైపు అదోలా చూసి, గరిటె తీసుకుని వెళ్ళిపోయింది.

ఖౌస్ 18

తొలి మంచు. పిల్లలు అరుచుకుంటూ చీటీలు పట్టుకుని తిరుగుతున్నారు. ఏటా తొలి మంచుకు ఆడే ఆటే: చీటీలో ఏముందో తెలియకుండా చేతిలోకి తీసుకున్నవాళ్ళు ఓడినట్టు, ఇచ్చినవాళ్ళకు విందు పెట్టాలి. తెచ్చినవాళ్ళు దొరికిపోతే మొహానికి మసి పూస్తారు. డైరెక్టరు సాహెబు ఏదో అర్జీ అనుకుని తీసుకుని ఓడిపోయారు. పిల్లలందరికీ జిలేబీ బాకీపడ్డారు.

నాకెవరూ ఇవ్వలేదు. వార్డెనుకు ఎవరిస్తారు?

ఎల్లుండి వెళ్ళే ఉత్తరం మధ్యలో చిన్న చీటీ మడిచిపెట్టాను. "మంచు దేవుడిది, విందు నీది బీబీ." కబురు మోసుకెళ్ళేవాణ్ణి హాంబర్గులో ఎలా పట్టుకుంటుందో చూస్తాను. చెయ్యి కూడా పెట్టాను. మబ్బుగా ఉండి అద్దంలోంచి సరిగా కనబడక చాలాసేపు పట్టింది.

జదీ 6

భోజనాల తరువాత డైరెక్టరు సాహెబు పనివాళ్ళందరినీ పిలిచి జాబితా చదివారు. వసంతం మొదట్లో వచ్చే నౌరోజు పండగ లోపల దాత దొరకని పిల్లల్ని ఇళ్ళకు పంపేయాలట. మా చిన్నపిల్లల హాలు నుంచి ఒక్క పేరే ఉంది. బస్‌గుల్.

"ఇల్లెక్కడిది సాహెబ్ దానికి?" అని మేవాగుల్ అడిగింది.

"మేనమామ ఉన్నాడు కదా."

"ఉన్నాడు. దెహ్ సబ్జ్ బట్టీల్లో ఇటుకలు చేస్తాడు. ఆరుగురు పిల్లలు వాడితోపాటు మట్టి తొక్కుతున్నారు. ఇది ఏడోది అవుతుంది."

"నేనేం చేయను ఖాలా? నన్ను కోసి వండుతావా?"

ఎవరో ఒకరు దొరుకుతారు. మూడు నెలలు ఉంది. ప్రపంచంలో దయగలవాళ్ళకు కరువా?

జదీ 12

బీబీ ఓడిపోయింది! "నీ దుంప తెగ, డెబ్భై ఎనిమిదేళ్ళదాన్ని కూచోబెట్టి ఓడించావు. కవరు చింపి చీటీ చేతిలోకి తీసుకున్నాక గాని తెలియలేదు. ముప్ఫై ఏళ్ళయింది నన్ను ఎవరైనా ఇలా పట్టుకుని. కిటికీ దగ్గర నిలబడి ఒక్కదాన్నే పకపకా నవ్వాను. సరే, ఓడినదాన్ని. ఏం కావాలో కోరుకో. నిజంగా అడుగు, ఇస్తాను" అని రాసింది.

రోజంతా హాయిగా ఉంది.

జదీ 19

ఉత్తరం రాశాను. చెయ్యి పెట్టాను. ఏం కావాలో కోరుకోమంది కదా.

"నాకేం వద్దు బీబీ. ఈసారి పెద్ద ఉత్తరం రాయి. పదిపేజీలు" అని రాశాను.

బస్‌గుల్ నా గుమ్మంలో కూర్చుని పగిలిన చేతులు నాక్కుంటోంది. ఇంకెక్కడైనా కూర్చోకూడదా?

జదీ 20

సంచీ వెళ్ళిపోయింది. పొద్దున బండి కదిలాక దాని వెనకాల నాలుగడుగులు నడిచాను. ఎందుకు నడిచానో తెలియదు.

దల్వ్ 2

చలి. పొయ్యిలో రంపపు పొట్టు కూడా అయిపోవచ్చింది. ఎవరూ దొరకలేదు.

దల్వ్ 14

బీబీ ఉత్తరం వచ్చింది. పదిపేజీలు కాదు, ఒకటే పేజీ. దించి రాసుకుంటున్నాను, ఎందుకంటే ఆ కాగితాన్ని మళ్ళీ తెరవలేను.

"గ్లౌజులు సరిపోయాయో లేదో నువ్వు రాయలేదు. కొత్త జత మొదలుపెడదామని నీ చేతులన్నీ తీసి వరసగా పేర్చాను. ఆఖరి నాలుగూ ఒకే కొలత. ఎదిగే పిల్లవు కదా అని కిటికీ అద్దానికి పెట్టి ఒకదాని మీద ఒకటి ఆనించాను. వెంట్రుకవాసి తేడా లేదు. చిటికెనవేలు దగ్గర పెన్సిల్ జారిన చోట చిన్న వంకర ఉంది. అది నాలుగింటిలోనూ అక్కడే ఉంది. పెన్సిల్ ఏ పిల్లకీ నాలుగుసార్లు ఒకే చోట జారదు. ఈ ఉత్తరం చదువుతున్నది ఎవరైనా సరే, నాకొక్కటి చెప్పండి. ఆ పిల్ల బతికే ఉందా? మూడు రాత్రులుగా నేను పడుకోలేదు. నమాజులో దాని పేరు బతికున్నవాళ్ళతో కలిపి చెప్పాలో, పోయినవాళ్ళతో చెప్పాలో తెలియడం లేదు."

దల్వ్ 15

మేవాగుల్ పుల్లటి మొహం పెట్టుకుని ఉల్లిపాయలు తరుగుతుంటే పక్కన కూర్చుని అంతా చెప్పాను. అద్దం సంగతి, ఆకుపచ్చ చీటీ సంగతి. తిడుతుందనుకున్నాను. తరగడం ఆపలేదు.

"వసంతానికి వస్తుందనే కదా నేను..." అన్నాను.

"ఎవరు చెప్పారు?"

"వాళ్ళ పెదనాన్న."

"ఆ రోజు టీ పోసింది నేను. వాడు ఆ మాట అనలేదు. డైరెక్టరుగారు మళ్ళీ ఎప్పుడు తెస్తావని అడిగితే మీసం తుడుచుకుని ఊరుకున్నాడు. సాబిరా జాన్, యాపిల్ కోతకు పిల్లను తీసుకెళ్ళేవాడు నుఖుల్ పంచుతాడా? నువ్వు కాబూల్లో పుట్టినదానివే కదా. నుఖుల్ ఎప్పుడు పంచుతారు?"

పెళ్ళి మాట ఖాయమైనప్పుడు పంచుతారు. నాకు తెలుసు. రుమాలు విప్పినప్పుడే తెలుసు. నోట్లో వేసుకున్నప్పుడు తెలుసు. రెండూ తిన్నాను, తియ్యగా ఉన్నాయి. ఆ పిల్ల నావైపు చూస్తూ ఉంది.

"నేను ఆపగలిగేదాన్నా?" అని అడిగాను.

"లేదు. కానీ ఆ ముసలామెకు చెప్పగలిగేదానివి. చెప్పి ఉంటే ఈ కొరికే పిల్లకు ఈపాటికి దాత ఉండేది."

ఉల్లిపాయలు కదా అని ఇద్దరం కళ్ళు తుడుచుకున్నాం.

దల్వ్ 16

ఆకుపచ్చ చీటీ రాశాను. తేదీ: మీజాన్ 9. కారణం అన్న చోట "పెళ్ళి" అని రాశాను. డైరెక్టరు సాహెబు చదివి కళ్ళజోడు తీశారు.

"ఇది నాలుగు నెలల కిందటిది."

"అవును సాహెబ్."

"ఎందుకు?"

"ఉత్తరాల కోసం."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "మన ఉద్యోగాలు ఊడతాయి సాబిరా జాన్, ముందు నీది" అన్నారు. తరువాత సంతకం పెట్టారు.

దల్వ్ 18

బస్‌గుల్‌ను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. ముందు పారిపోయింది. పెట్టె తెరిచి దానిమ్మ గ్లౌజులు చూపిస్తే వచ్చింది. వేసుకుంది. వేళ్ళ చివర్లు ఖాళీగా వేలాడాయి. చప్పట్లు కొట్టి చూసి, తీసి నాకే ఇచ్చేసింది. "నావి కావు" అంది. దాని గొంతు సరిగా వినడం ఇదే మొదటిసారి.

"నీ చెయ్యి ఇటు పెట్టు. గీస్తాను."

"గీసి?"

"జర్మనీకి పంపుతాం."

"మళ్ళీ వస్తుందా నా చెయ్యి?"

"నీ చెయ్యి నీ దగ్గరే ఉంటుందే వెర్రిదానా. గీత మాత్రం పోతుంది."

పెన్సిల్ వేళ్ళ మధ్యకు వచ్చేసరికి చక్కిలిగిలి పుట్టి కిలకిలా నవ్వడం మొదలుపెట్టింది. చెయ్యి నిలవదే! నా ఎడమచేత్తో గట్టిగా అదిమి పట్టుకుని గీశాను. తీరా చూస్తే పక్కన నా బొటనవేలు కూడా గీతలోకి వచ్చేసింది. చెరుపుదామంటే రబ్బరు లేదు. బస్‌గుల్ సగం తినేసింది, మిగతా సగం ఎక్కడ దాచిందో చెప్పదు.

దల్వ్ 19

ఉత్తరం నా పేరునే రాశాను. అచ్చుగుద్దినట్టుండే నా రాత ఈసారి నీలాబ్ రాతలా అయింది. నుఖుల్ తిన్నానని కూడా రాశాను. పిల్ల బతికే ఉంది, నమాజులో బతికున్నవాళ్ళతోనే చెప్పండని మొదటి వాక్యంగా రాశాను. మీరు విందు బాకీ ఉన్నారు బీబీ, అది నీలాబ్ పేరున అడిగి నేను కాజేశాను, ఇప్పుడు సరిగ్గా అడుగుతున్నాను: ఈ చెయ్యి బస్‌గుల్‌ది, నౌరోజు దాటితే ఇది ఇటుకల బట్టీలో ఉంటుంది. మీరు నన్ను ఏమన్నా అనండి, దీన్ని మాత్రం వదలకండి.

పంపాను.

హూత్ 3

ఏమీ రాలేదు.

హూత్ 10

నాలో నేను మాట్లాడుకోవడం పిల్లలు విన్నారట. నవ్వుకుంటున్నారు.

హూత్ 17

బస్‌గుల్ మేనమామకు డైరెక్టరు సాహెబు కబురు పంపారు. నౌరోజుకు ముందే వస్తాడు. ఆ పిల్ల రోజూ ఒకటే అడుగుతోంది, "నా చెయ్యి అక్కడికి చేరిందా?" అని. దారిలో మంచు ఎక్కువగా ఉందని చెప్పాను. ఇంతకుముందు ఇలాంటి అబద్ధాలు తడుముకోకుండా చెప్పేదాన్ని.

హూత్ 23

ఈ ఇంట్లో డెబ్భైమంది పిల్లలున్నారు. నేను ఉద్యోగం పోయి వెళ్ళే రోజున వీళ్ళలో ఎవరైనా నా బండి వెనకాల నాలుగడుగులు వేస్తారా?

హూత్ 27

ఇవాళ గేటు దగ్గరికి నేను వెళ్ళలేదు. డైరెక్టరు సాహెబే కవరు పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. "నీకే" అన్నారు. కవరు మీద నా పేరుంది. నా పేరుతో ఉత్తరం వచ్చి ఎన్నేళ్ళయిందో లెక్క తెలియదు.

మేవాగుల్ పొయ్యి తగ్గించింది. నిలబడే చదివాను.

"సాబిరా, నువ్వు చేసింది క్షమించే పని కాదు. నేను క్షమించలేదు. రెండేళ్ళు నేను అల్లింది ఒక పిల్ల కోసం అనుకున్నాను. ఆ పిల్ల మెడకు తాడు పడుతుంటే నువ్వు నుఖుల్ నమిలావు, ఇక్కడ నేను నవ్వుకుంటూ ఊలు చుట్టుకున్నాను. ఆ దానిమ్మ గ్లౌజులు నీలాబ్‌వి. ఘోర్‌బంద్ బస్సు డ్రైవరు కాళ్ళయినా పట్టుకుని ఆ ఇంటికి చేర్చు. లోపల నా చిరునామా రాసిపెట్టు. ఎప్పుడైనా దానికి కావాల్సి రావచ్చు.

"బస్‌గుల్ విషయం ఆఫీసుకు ఫోను చేసి చెప్పేశాను. కంప్యూటరు రాసిన రెండు ముక్కలు నాకొద్దు, ఉత్తరాలు సాబిరాయే రాస్తుంది, నేను ఆమెకే రాస్తాను అన్నాను. కుదరదన్నారు. నాతో పోట్లాడి గెలిచినవాళ్ళు హాంబర్గులో ఎవరూ లేరు.

"ఇక కొలత సంగతి. చెయ్యి చాలా చిన్నగా ఉంది, తిండి పెట్టు. దాని పక్కన ఇంకో బొటనవేలు ఉంది. పిల్లది కాదు. నీదే అయ్యుంటుంది. ఒక్క వేలికి గ్లౌజు అల్లడం నాకు రాదు. మిగతా చెయ్యి కూడా గీసి పంపు. ఈసారి అద్దం వాడకు."

హూత్ 28

మేనమామ వచ్చాడు. డైరెక్టరు సాహెబు చెప్పిన మాట విని, "అల్లాహ్ దయ" అని ఊపిరి పీల్చుకున్నాడు. ఈసారి టీ తాగి వెళ్ళాడు. వెళ్ళేముందు బస్‌గుల్ నెత్తిమీద చెయ్యి వేశాడు. పాపం, అతని చేతులు మట్టితో బీటలు వారి ఉన్నాయి.

గ్లౌజులు ఘోర్‌బంద్ బస్సు డ్రైవరుకిచ్చాను. లోపల బీబీ చిరునామా, దాని కింద నా పేరు, ఈ ఇంటి చిరునామా రాశాను. నీలాబ్‌కు అందుతాయో లేదో. ఆ పిల్ల దాచిపెట్టమని అడిగింది. అదొక్కటే సరిగా చేశాను.

నౌరోజుకు హఫ్త్ మేవా, ఏడు రకాల ఎండుపళ్ళూ పప్పులూ, నానబెట్టాలి. పొద్దుటినుంచి అక్రోట్ల తొక్కలు వలుస్తుంటే నా వేళ్ళన్నీ నల్లబడ్డాయి. ఆ నల్లటి చెయ్యి కడుక్కుని కాగితం మీద పెట్టాను. నా చెయ్యి నేను గీసుకోవడం వస్తుంది కానీ, పెన్సిల్ బస్‌గుల్‌కిచ్చాను. అది నాలుక బయటపెట్టి, నా మణికట్టు మీద మోకాలు వేసి, ఎక్కడా జారకుండా గీయాలని కష్టపడుతోంది. చిటికెనవేలు దగ్గర నాకు చక్కిలిగిలి పుట్టింది.

"కదలకు ఖాలా" అంది.

కదలలేదు.